సైరన్ అక్కర్లేని ప్రయాణం

మా పెదనాన్న 1976లో శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వెళ్ళి స్టీల్ ప్లాంటులో చేరారు. రోలింగ్ మిల్లులో పనిచేసి 2012లో రిటైరయ్యారు. ఊరికి తిరిగి రాలేదు. భిలాయి తెలుగువాళ్ళలో చాలామంది లాగే రిసాలి వైపు చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోయారు. మూడేళ్ళుగా ఆయనకి వారంలో మూడు రోజులు డయాలసిస్ జరుగుతోంది. ఆసుపత్రి ఇంటికి ఎనిమిది కిలోమీటర్లు. చికిత్స గురించి ఆయనెప్పుడూ ఫిర్యాదు చెయ్యరు. ఆయన భయమంతా ఆ ఎనిమిది కిలోమీటర్ల గురించే.

కిందటిసారి నేను వెళ్ళినప్పుడు ఆయనతో పాటు వ్యాను ఎక్కాను. తెల్ల వ్యాను, మీద ఎర్ర అక్షరాలతో అంబులెన్స్ అని రాసి ఉంది. వెనక సీట్లు పీకేసి వీల్‌చైర్ పట్టేలా చోటు చేశారు. కుర్చీని ముందు సీటు కమ్మీకి నైలాన్ తాడుతో కట్టి, ‘ఏమీ కాదు, రోజూ తిప్పుతున్నాం’ అన్నాడు డ్రైవరు. దారిలో ఒక ఆవు అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. అదేమీ సినిమా బ్రేకు కాదు, మన రోడ్ల మీద రోజుకి పదిసార్లు పడేదే. తాడు వదులుగా ఉండటంతో కుర్చీ ముందుకి జారి పెదనాన్న మోకాళ్ళు సీటు కమ్మీకి తగిలాయి. ఆయన రెండు చేతులూ ముందుకి చాపలేదు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనీ కలిపి చేసిన చోటు. ఆ చెయ్యి వెనక్కి దాచుకుని కుడి చేత్తో ఆపుకున్నారు. మూడేళ్ళలో అలవాటైపోయింది.

పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను. ఫిజిక్స్ చదివిన వాడికి ఇదొక జబ్బు.

మనిషి, కుర్చీ కలిపి 78 కిలోలు అనుకుందాం. వీల్‌చైర్‌కి ఉండే బ్రేకులు వెనకున్న పెద్ద చక్రాలనే పట్టుకుంటాయి. ముందున్న చిన్న చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతూనే ఉంటాయి. బండి వేగం తగ్గగానే బరువు ముందు చక్రాల మీదకి మారుతుంది, వెనక చక్రాల మీద తగ్గుతుంది. అంటే, జారకుండా ఆపాల్సిన చక్రాలే సరిగ్గా ఆ క్షణంలో నేల మీద పట్టు కోల్పోతాయి. మామూలు వీల్‌చైర్ కొలతలతో, రబ్బరు టైరుకీ వ్యాను నేలకీ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుని లెక్క వేస్తే, గురుత్వ త్వరణంలో పావు వంతు పాటి బ్రేకుకే కుర్చీ జారడం మొదలవుతుంది. ఇది సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా వేసే బ్రేకు. జారడాన్ని తాడుతో ఆపినా, గురుత్వ త్వరణంలో సగం దాకా వెళ్తే ముందు చక్రాల మీదుగా బోల్తా పడే ప్రమాదం ఉంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండిని తొమ్మిది మీటర్లలో ఆపాలంటే గురుత్వ త్వరణంలో 0.7 వంతు కావాలి. అప్పుడు తాడు మీద పడే లాగుడు సుమారు 55 కిలోల బరువుతో సమానం.

ఇదంతా గుద్దుకోకుండా ఆగిన బండి సంగతి. గుద్దుకుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. వాహనాల్లో వాడే వీల్‌చైర్లకి అమెరికాలో ఉన్న ప్రమాణం ప్రకారం, గంటకి 48 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దుకున్నట్టు, గురుత్వ త్వరణానికి 20 రెట్ల కుదుపుతో పరీక్ష చేస్తారు. 78 కిలోల మీద 20 రెట్లంటే ఒకటిన్నర టన్నుకి పైన. ఆ భారాన్ని మొయ్యాల్సింది నేలకి బిగించిన నాలుగు కొక్కేలు, నాలుగు పట్టీలు. వాటితో సంబంధం లేకుండా మనిషికి విడిగా మరో బెల్టు. ఇది రాకెట్ విజ్ఞానం కాదు. ఉక్కు పట్టణంలో దొరకని సరుకూ కాదు. అయినా మా పెదనాన్న ఎక్కిన బళ్ళలో ఒక్కదానిలోనూ అవి లేవు.

ఎందుకు లేవు అని అడిగితే జవాబు సులువు. ఉండాలని ఆ డ్రైవరుకి ఎవరూ చెప్పలేదు. ఉన్నాయా లేవా అని ఎవరూ చూడలేదు.

మన తెలుగువాళ్ళకి అంబులెన్స్ అంటే 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ దేశంలో చాలా రాష్ట్రాలకి పాకింది. ఛత్తీస్‌గఢ్‌లో 2011 నుంచి సంజీవని పేరుతో నడుస్తోంది. గర్భిణులకీ బాలింతలకీ 102 నంబరుతో మహతారి ఎక్స్‌ప్రెస్ ఉంది. మృతదేహాలకి ముక్తాంజలి ఉంది. డయాలసిస్‌కి వెళ్ళాలని 108కి ఫోన్ చేస్తే రాదు. రాకూడదు కూడా. గుండెపోటు వచ్చిన మనిషి కోసం ఉంచిన బండిని వారానికి మూడుసార్లు మా పెదనాన్న కోసం వాడితే, ఎక్కడో ఒక ప్రాణం పోతుంది. ఇక్కడిదాకా వ్యవస్థ సరిగ్గానే ఆలోచించింది. అత్యవసరం కాని రోగి, కాన్పుతో సంబంధం లేని రోగి, బతికే ఉన్న రోగి ఎలా వెళ్ళాలన్న దగ్గరే ఆలోచన ఆగిపోయింది.

ఆ రోగులు తక్కువేమీ కాదు. కీమోథెరపీ, రేడియేషన్‌కి వెళ్ళేవాళ్ళు, పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీకి వెళ్ళేవాళ్ళు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పించుకోడానికి వెళ్ళే ముసలివాళ్ళు, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి మంచం మీదే ఇంటికి రావలసినవాళ్ళు. వీళ్ళెవరికీ సైరన్ అక్కర్లేదు. అలాగని ఆటో కూడా సరిపోదు.

డయాలసిస్ రోగి సంగతి ఇంకా విచిత్రం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు రాత్రీ పగలూ చేసే పనిని యంత్రం నాలుగు గంటల్లో చేస్తుంది. రెండు రోజులుగా ఒంట్లో పేరుకున్న రెండు మూడు లీటర్ల నీటిని ఆ నాలుగు గంటల్లోనే లాగేస్తుంది. రక్తనాళాల్లోంచి అంత ద్రవం పోయాక లేచి నిలబడితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. కళ్ళు తిరుగుతాయి, పిక్కలు పట్టేస్తాయి. మా పెద్దమ్మ మాటల్లో చెప్పాలంటే, ‘వెళ్ళేటప్పుడు ఆటో మనిషి, వచ్చేటప్పుడు స్ట్రెచర్ మనిషి’. స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చే కొడుకుల్ని ఏ డయాలసిస్ కేంద్రం గేటు దగ్గరైనా చూడొచ్చు. తండ్రి జారిపోకుండా తువ్వాలుతో నడుముకి కట్టుకుంటారు.

ఇలాంటి ప్రయాణాలకి చట్టంలో పేరు లేదనుకుంటే పొరపాటు. అంబులెన్సుల నిర్మాణం మీద 2014లో రూపొందిన జాతీయ ప్రమాణం, ఏఐఎస్-125, వాటిని నాలుగు రకాలుగా విభజించింది. ‘ఏ’ మొదట చేరుకునే సహాయకుల వాహనం, ‘సీ’ ప్రాథమిక ప్రాణరక్షణ సదుపాయాలున్నది, ‘డీ’ వెంటిలేటర్ లాంటివున్నది. మధ్యలో ఉన్న ‘బీ’ సరిగ్గా మన అవసరానికి చేసిందే, రోగి రవాణా వాహనం. దారిలో పరిస్థితి విషమిస్తుందని అనుకోనవసరం లేని రోగుల కోసం. కాగితం మీద దానికి గుర్తింపు ఉంది. కానీ ఈ ప్రమాణం బండిని ఎలా తయారుచెయ్యాలో చెప్పేది. అది రోజూ ఎలా తిరుగుతోంది, ఎంత తీసుకుంటోంది, ఎవర్ని ఎక్కించుకుంటోంది అన్నవి దాని పని కాదు.

మరి అవి ఎవరి పని? ఇక్కడ మోటారు వాహనాల చట్టం తెరవాలి. 1988 నాటి ఆ చట్టంలో 66వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనం ఏదైనా పర్మిట్ లేకుండా తిరగకూడదు. అదే సెక్షన్ కొన్ని వాహనాలకి పర్మిట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. కేవలం పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ పనులకి వాడేవీ, శవాన్నీ వెంట వచ్చే బంధువులనీ తీసుకెళ్ళేవీ ఆ జాబితాలో ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని తీసుకెళ్తున్న బండిని జిల్లా సరిహద్దులో ఆపి పర్మిట్ అడగకూడదు. కానీ మన దేశంలో బాడుగ బళ్ళ మీద ప్రభుత్వానికి ఉన్న పట్టు ప్రధానంగా పర్మిట్ ద్వారానే. ఆటోకి మీటరు వచ్చింది అలాగే (ఆ మీటరు తిరుగుతుందా అన్నది వేరే సంగతి). బస్సుకి చార్జీ వచ్చింది అలాగే. అంబులెన్స్‌కి ఆ తాడు తెంచేశాం. అత్యవసరం కోసం ఇచ్చిన మినహాయింపు వెనక అత్యవసరం కాని వ్యాపారమంతా వచ్చి నిలబడింది. ఎర్ర అక్షరాలు రాసుకుంటే చాలు.

కోవిడ్ రోజుల్లో ఇది అందరికీ తెలిసొచ్చింది. అంబులెన్సులకి రాష్ట్రాలు సహేతుకమైన చార్జీలు నిర్ణయించాలని 2020 సెప్టెంబరు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 మేలో ఢిల్లీ ప్రభుత్వం ఇచ్చిన పట్టికలో రోగి రవాణా వాహనానికి పది కిలోమీటర్ల దాకా 1,500 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 100 అని విడిగా రాశారు. డాక్టరుతో వచ్చే బండికి 4,000. అన్ని అంబులెన్సులూ ఒకటి కావని ప్రభుత్వ కాగితం మీద కనిపించడం నాకు సంతోషం కలిగించింది. అవి మహమ్మారి కోసం ఇచ్చిన ఆదేశాలు. మామూలు రోజుల రోగులు మళ్ళీ బేరానికే వచ్చారు.

బేరం అనే మాట కూడా సరైంది కాదు. బేరానికి రెండో దుకాణం ఉండాలి. తిరుపతిలో 2022 ఏప్రిల్ చివర్లో జరిగింది గుర్తుచేసుకోండి. రుయా ఆసుపత్రిలో పదేళ్ళ బాబు చనిపోయాడు. ఊరు అప్పట్లో అన్నమయ్య జిల్లాలో ఉన్న చిట్వేలు. గేటు దగ్గరి ప్రైవేటు అంబులెన్సుల వాళ్ళు అడిగిన డబ్బు తండ్రి ఇచ్చుకోలేకపోయాడు. బయటి నుంచి ఆ కుటుంబం కోసం వచ్చిన బండిని గేటు దగ్గరి వాళ్ళు రానివ్వలేదు. చివరికి ఆయన కొడుకు మృతదేహాన్ని మోటారు సైకిల్ మీద దాదాపు 90 కిలోమీటర్లు తీసుకెళ్ళాడు. తర్వాత ప్రభుత్వం కదిలింది. ఆసుపత్రి అధికారి సస్పెన్షన్, కేసులు, చార్జీలు ఖరారు చెయ్యడానికి రవాణా, వైద్య, రెవెన్యూ, పోలీసు అధికారులతో కమిటీ. అంటే, ముందే చెయ్యగలిగిన పనే. అదీ రాజధాని నుంచి కాదు, ఆ ఊళ్ళో ఉన్న అధికారులే కూర్చుని చెయ్యగలిగినది.

ఆ ఘటనని అందరూ అధిక ధర కథగా చెప్పుకున్నారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది గేటు. బయటి బండి లోపలికి రాగలిగి ఉంటే అడిగిన ధర ఎంతైనా ఆ తండ్రికి నష్టం లేదు. ఆసుపత్రి గేటు ముందు నిలబడే చోటు ఎవరి చేతిలో ఉంటే ధర వాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ చోటు రాష్ట్ర రవాణా శాఖది కాదు. పార్కింగ్ స్థలం, ప్రజారోగ్యం, శ్మశానాలు, ఇవన్నీ రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థల ముందు పెట్టిన పనులు. అందుకే అత్యవసరం కాని రోగుల రవాణాని నియంత్రించాల్సిన మొదటి చెయ్యి నగరపాలక సంస్థదే అని నా అభిప్రాయం. బండి రిజిస్ట్రేషనూ ఫిట్‌నెస్సూ రవాణా శాఖ చూసుకోవచ్చు. ఏ ఫ్లైఓవరు కింద నీళ్ళు నిలుస్తాయో, ఏ కాలనీలో లిఫ్టు లేని మూడంతస్తుల ఇళ్ళున్నాయో, ఏ ఆసుపత్రిలో డయాలసిస్ షిఫ్టు ఎన్నింటికి మారుతుందో తెలిసేది ఊరికే.

ఇక భిలాయి చిక్కు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, దాని చుట్టూ గీత గీసినట్టు పుట్టిన సెక్టార్లు. టౌన్‌షిప్ బాగోగులు ఇప్పటికీ ప్లాంటు పట్టణ సేవల విభాగం చూస్తుంది. టౌన్‌షిప్ బయట పెరిగిన ఊరు భిలాయి నగర నిగమ్‌ది. దాంట్లోంచి విడిపోయి రిసాలి వేరే నిగమ్ అయింది. తూర్పున భిలాయి-చరోదా నిగమ్, పడమర దుర్గ్ నిగమ్. 2011 లెక్కల్లో దుర్గ్-భిలాయినగర్ పట్టణ సముదాయంలో 10.64 లక్షల జనాభా. మనుషులకి అదంతా ఒకే ఊరు. పెద్ద జబ్బుకి రాయపూర్ దారిలో టాటీబంద్ దగ్గరున్న ఎయిమ్స్‌కి వెళ్ళాలంటే జిల్లాయే మారుతుంది. రోగి రవాణా బండి ఒక గంటలో ముగ్గురు నలుగురు పాలకుల నేల దాటుతుంది. ఒక్కో నిగమ్ తన లైసెన్సు తాను పెడితే డ్రైవరు నాలుగు స్టిక్కర్లు అతికించుకోవాలి. నాలుగు కౌంటర్ల దగ్గర నిలబడాలి. అంతకన్నా ఏమీ లేకపోవడమే మేలు అనుకుంటాడు, నేనూ అలాగే అనుకుంటాను.

కాబట్టి రిజిస్టరు ఒకటే ఉండాలి. కలెక్టరు కూర్చోబెట్టి నిగమ్‌లనీ ప్లాంటునీ ఒక జాబితాకి ఒప్పించాలి. ఒకచోట నమోదైన బండి అన్నిచోట్లా చెల్లాలి. నమోదైన ఏ బండి అయినా, రోగి పిలిస్తే, ఏ ఆసుపత్రి గేటులోకైనా రావచ్చన్నది ఆ జాబితా మొదటి షరతు కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో ప్రైవేటు ఆసుపత్రులకి 2010 చట్టం కింద ఎలాగూ అనుమతి కావాలి. గేటు తెరిచి ఉంచడాన్నీ, చార్జీల బోర్డు పెట్టడాన్నీ ఆ అనుమతికి ముడిపెట్టడం గురించి ఆలోచించవచ్చు. లాస్ ఏంజెలస్‌లో ట్యాక్సీల్ని చూసే నగర రవాణా శాఖే, నడవలేని ప్రయాణికుల్ని తీసుకెళ్ళే వాహనాల్నీ చూస్తుంది. అది ఆసుపత్రుల వ్యవహారం కాదు, ఊళ్ళో బాడుగ బండి వ్యవహారం అని వాళ్ళు ఎప్పుడో తేల్చుకున్నారు.

ఈ మాట అనగానే వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. మరో లైసెన్సు, మరో ఇన్‌స్పెక్టరు, మరో మామూలు. ధర కింద పట్టుకుంటే బళ్ళు మాయమవుతాయి, అప్పుడు ఆ నైలాన్ తాడు వ్యాను కూడా దొరకదు. ఇది ఊరికే తోసెయ్యగలిగిన మాట కాదు. మా పెదనాన్నని తీసుకెళ్ళే డ్రైవరుతో మాట్లాడితే అతని లెక్క అతనికుంది. ఉదయం దింపాలి, ఖాళీగా వెనక్కి రావాలి, మధ్యాహ్నం ఖాళీగా వెళ్ళాలి, ఎక్కించుకుని రావాలి. ఎనిమిది కిలోమీటర్ల ఇంటికి 32 కిలోమీటర్ల డీజిల్, అందులో సగం ఖాళీ బండికే. లేదా నాలుగు గంటలు గేటు దగ్గర పడిగాపులు. పైగా మొదటి అంతస్తు నుంచి కుర్చీతో సహా కిందికి దింపడానికి మరో మనిషి. కిలోమీటరుకి ఇంత అని ఒక అంకె పడేస్తే ఇవేవీ అందులోకి రావు. చార్జీలో దూరం ఎంతో, ఆగే సమయం ఎంతో, మెట్లెన్నో మూడూ విడివిడిగా ఉండాలి. మెట్లకి డబ్బులివ్వకపోతే ఆ మనిషి రాడు, రోగి భార్య ఒక పక్క పట్టుకుంటుంది. అరవై ఎనిమిదేళ్ళ మా పెద్దమ్మ పట్టుకుంటోంది.

ర్యాంపు సంగతీ ఇలాంటిదే. వ్యాను నేల రోడ్డుకి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, దానికి ఆనించే పలక 1.8 మీటర్లుంటే, 78 కిలోల కుర్చీని పైకి నెట్టడానికి కనీసం 26 కిలోల బరువెత్తినంత బలం కావాలి. భవనాల ముందు కట్టే ర్యాంపుకి పన్నెండుకి ఒకటి వాలు అంటారు. ఆ వాలులో ఆరున్నర కిలోలు చాలు, కానీ పలక ఏడు మీటర్లు దాటుతుంది, ఏ వ్యానులోనూ పట్టదు. కాబట్టి బండి వాలు ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది, ఇద్దరు మనుషులు తప్పనిసరి. నిబంధన రాసేవాళ్ళు ఒకసారి తామే నెట్టి చూస్తే బాగుంటుంది.

అయితే డ్రైవరు లెక్కలో ఒక మంచి వార్త దాగి ఉంది. అత్యవసర ఫోను ఎప్పుడు మోగుతుందో ఎవరూ చెప్పలేరు. గణితంలో దాన్ని యాదృచ్ఛిక ప్రక్రియగానే చూస్తారు. అందుకే 108 బళ్ళు కొంతసేపు ఖాళీగా ఉండి తీరాలి, ఖాళీగా ఉండటమే వాటి పని. మా పెదనాన్న వచ్చే నెల బుధవారం ఎన్నింటికి ఎక్కడ ఉండాలో మాత్రం ఇవాళే చెప్పగలను. ఈ రెండు రకాల అవసరాల్నీ ఒకే బళ్ళతో తీర్చాలనుకోవడం తప్పు. రెండోదాన్ని అసలు పట్టించుకోకపోవడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే తీర్చడం తేలికైనది అదే. ఒకే షిఫ్టులో డయాలసిస్ చేయించుకునే ముగ్గురు ఒకే వైపు ఉంటే, విడివిడిగా మూడు బళ్ళు కలిపి 96 కిలోమీటర్లు తిరుగుతాయి. ముగ్గుర్నీ ఒకే బండిలో ఎక్కిస్తే, ఒక్కో ఇంటి దగ్గరా ఆగినందుకు ఒక్కో విడతకి మూడు కిలోమీటర్లు ఎక్కువైనా అందులో సగం లోపే అయిపోతుంది. ఎవర్ని ముందు ఎక్కించాలి, ఎవర్ని ఎంతసేపు కూర్చోబెట్టవచ్చు అన్నది గణితశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న సమస్య. పెద్ద నగరానికి కష్టం, ఒక డయాలసిస్ కేంద్రానికి అయితే మామూలు ఫోనులో తేలిపోతుంది. డ్రైవరుకి ట్రిప్పు మీద ఎక్కువ మిగులుతుంది, ఒక్కో ఇంటికీ తక్కువ పడుతుంది. దీనికి కావలసిందల్లా షిఫ్టుల జాబితా, చిరునామాలు, వాటిని కలిపే ఒక కౌంటరు. రోగుల వివరాలు కాబట్టి ఆ కౌంటరు గేటు దగ్గరి బ్రోకరు చేతిలో ఉండకూడదు. ఆసుపత్రీ నిగమూ కలిసి నడపాలి, డబ్బు ముందే అక్కడ కట్టి రసీదు తీసుకోవాలి.

డబ్బు సంగతికొస్తే, పేదలకి డయాలసిస్ ఉచితంగా ఇవ్వాలని 2016లో జాతీయ కార్యక్రమం మొదలైంది. యంత్రం, సూది, ఫిల్టరు ఖర్చు తప్పింది. ప్రయాణం ఖర్చు తప్పలేదు. వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 రోజులు, రానూపోనూ 312 ప్రయాణాలు. ఒక్కో ప్రయాణం 400 రూపాయలు అనుకున్నా లక్షా పాతికవేలు. డబ్బుల్లేక వారానికి మూడుసార్లు వెళ్ళాల్సినవాళ్ళు రెండుసార్లు వెళ్తే, మూడోసారి పోవాల్సిన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అప్పుడు నిజంగానే 108 పిలవాలి. కిడ్నీ జబ్బుల ఉద్దానం ఉన్న శ్రీకాకుళం మాది కాబట్టి ఈ సంగతి మాకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకి 2019 నుంచి నెలకి 10 వేల పింఛను ఇస్తున్నారు. అందులో చాలా ఇళ్ళలో మొదటి ఖర్చు బండిదే. ఛత్తీస్‌గఢ్‌కీ తన ఉద్దానం ఉంది, గరియాబంద్ జిల్లాలో సుపేబేడా. ఇంగ్లాండ్‌లో 2021లో అత్యవసరం కాని రోగుల రవాణా మీద చేసిన సమీక్ష, హీమోడయాలసిస్ రోగులందరికీ ప్రయాణ సాయం అందాలని తేల్చింది. నడవగలరా లేదా అని ఒక్కొక్కర్నీ నిలబెట్టి అడగడం మానేశారు. మనం వెంటనే అంత చెయ్యలేకపోవచ్చు. ముందు ఎన్ని బళ్ళున్నాయో, ఎవరివో, వాటిలో కొక్కేలున్నాయో లేదో లెక్క రాసుకోవడానికి మాత్రం డబ్బు అడ్డం కాదు.

సైరన్ గురించి ఒక మాట. ఈ బళ్ళలో చాలావాటికి సైరన్ ఉంటుంది, ట్రాఫిక్‌లో మోగిస్తారు కూడా. దారి ఇవ్వని వాళ్ళకి 2019 సవరణ తర్వాత చట్టం పదివేల జరిమానా పెట్టింది. డయాలసిస్ అయిపోయి ఇంటికి వెళ్తున్న మనిషి కోసం సైరన్ మోగిస్తే, రేపు నిజంగా గుండె ఆగిపోతున్న మనిషి కోసం మోగినప్పుడు జనం అద్దంలోంచి చూసి ఊరుకుంటారు. రోగి రవాణా బండికి సైరన్ తీసెయ్యాలి. రంగు కూడా వేరే ఉంటే మంచిది.

మా పెదనాన్న విషయానికొస్తే, ఏ నిగమూ కదలకముందే పెద్దమ్మ కదిలింది. ఆసుపత్రి వరండాలో పరిచయమైన మరో రెండు కుటుంబాలతో మాట్లాడి ఒకే బండి మాట్లాడింది. ఒకళ్ళు మరాఠీవాళ్ళు, ఒకళ్ళు ఖుర్సీపార్‌లో ఉండే మన విజయనగరం వాళ్ళు. ఖుర్సీపార్ దారిలో పడదు, ఆ కాస్త చుట్టు తిరిగినందుకు అదనంగా ఇస్తున్నారు. ముగ్గురూ కలిసి అడగడంతో డ్రైవరు వ్యాను నేలకి నాలుగు ఇనుప రింగులు వెల్డింగ్ చేయించి, లారీ పట్టీలు కొన్నాడు. పెదనాన్న బండి ఎక్కే ముందు వంగి ఆ రింగుల్ని చేత్తో తడిమి చూశారు. ముప్పై ఆరేళ్ళు ఉక్కుతో బతికిన మనిషి. ఇంత పల్చటి రేకుకి వెల్డింగ్ పెడితే రింగుతో పాటు రేకే చిరిగి వస్తుంది, కింద మందపాటి ప్లేటు వేసి బోల్టులు బిగించమన్నారు. డ్రైవరు వచ్చే సోమవారానికి చేయిస్తానన్నాడు. ఆ బండి రోగుల్ని మొయ్యడానికి పనికొస్తుందా అని ఇప్పటివరకు తనిఖీ చేసింది ఆయనొక్కరే.